ఆర్వో నీళ్ళు సన్నగా, వేస్ట్ పైపు మాత్రం ధారగా. మెంబ్రేన్, మోటర్ రెండూ పోయాయంటున్నారు, నిజమేనా?

నిజాంపేట_సుజాత
మూడు వారాలుగా మా ఆర్వో మిషన్ సతాయిస్తోంది. గోడకు తగిలించే రకం, కొని నాలుగేళ్ళు, 8 లీటర్ల ట్యాంకు. మాది అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు. బోరు నీళ్ళూ ట్యాంకర్ నీళ్ళూ ఒకే సంపులో కలుస్తాయి, టీడీఎస్ (లీటరు నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 780 దాకా ఉంటుంది. ఇదివరకు ఖాళీ ట్యాంకు ముప్పావు గంటలో నిండేది. ఇప్పుడు రెండు గంటలు దాటినా నిండటం లేదు. మోటర్ చప్పుడు కూడా మునుపటంత గట్టిగా లేదు. నీళ్ళ రుచి మారింది. 50 చూపించే టీడీఎస్ మీటరు ఇప్పుడు 155 చూపిస్తోంది.
సర్వీసు అబ్బాయి వచ్చి, మీటరు ముంచి చూసి, "మెంబ్రేన్ పోయింది మేడం, మోటర్ కూడా వీకయింది, రెండూ కలిపి 6,200" అన్నాడు. మెంబ్రేన్ (నీళ్ళలోని ఉప్పును వడగట్టే పొర) మార్చి ఎనిమిది నెలలే అయింది! రేపు మళ్ళీ వస్తానన్నాడు. డబ్బులిచ్చేయాలా, కొత్త మిషన్ కొనుక్కోవాలా, ఏం చెయ్యాలో తోచడం లేదు.

బెజవాడ_బాబాయ్
నాలుగేళ్ళు లాగిందిగా తల్లీ, మోటర్ మార్చేయ్. చప్పుడు తగ్గిందంటే దాని పని అయిపోయినట్టే. మా ఇంట్లో అచ్చం ఇంతే.

గోదారి_గట్టు
మెంబ్రేన్ ఎనిమిది నెలలకు పోవడం వింతేం కాదండి. 780 టీడీఎస్ అంటే తక్కువా? మాకు రాజమండ్రిలో గోదావరి నీళ్ళు కాబట్టి రెండేళ్ళు దాటినా వస్తుంది. మీ బోరు నీళ్ళకు సున్నం పేరుకుని పూడుకుపోయి ఉంటుంది.

పానా_పట్టకారు
అక్కా, ఆగు. పైసలు ఇయ్యకు. పన్నెండేండ్ల సంది ఇవే మిషన్లు రిపేర్ చేస్తున్న, వరంగల్‌ల. ముందుగాల ఒక్క పని చెయ్యి. వంటింట్ల కొలత గ్లాసుంటది కదా. ట్యాంకులకు పోయే మంచినీళ్ళ పైపు ఊడదీసి ఒక్క నిమిషం పట్టు. మోరీల పడే వేస్ట్ పైపు గూడ ఒక్క నిమిషం పట్టు. రెండు లెక్కలు ఈడ రాయి. గా రెండు అంకెలు లేకుండ మెంబ్రేన్ పోయిందని చెప్పేటోని మాట నమ్మకు.

లెక్కల_రామం
పానా అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరైన మాట. ఇళ్ళలో ఎక్కువగా ఉండేది 75 జీపీడీ మెంబ్రేన్. అంటే రోజుకు 75 గ్యాలన్లు, సుమారు 284 లీటర్లు. నిమిషానికి 200 మిల్లీలీటర్ల లోపు. అది కంపెనీ పరీక్షలో లెక్క. మన బోరు నీళ్ళకు 150 నుంచి 180 వచ్చినా బాగున్నట్టే.

టాప్_ఫ్లోర్_తిప్పలు
మాకూ ధార సన్నగానే వస్తోంది. మోటర్ ప్రతి రెండు నిమిషాలకు ఆగి మళ్ళీ మొదలవుతుంది. మా ఫ్లాటు నెత్తి మీదే ఓవర్‌హెడ్ ట్యాంకు. దీనికి కూడా ఇదే మందా?

పానా_పట్టకారు
@టాప్_ఫ్లోర్ నీది వేరే రోగం తమ్మీ. మిషన్‌లకు వచ్చే నీళ్ళకే జోరు లేదు. లో ప్రెషర్ స్విచ్ పంపును బంద్ చేస్తది, జర నీళ్ళు నిండంగనే మళ్ళ చాలు చేస్తది. ముందుగాల బయట ఉండే సెడిమెంట్ ఫిల్టర్ తీసి చూడు. తెల్లగ ఉండాల్సింది ఎర్రమన్ను రంగుల ఉంటే అదే కారణం.

లెక్కల_రామం
ఒక మీటరు ఎత్తుకు 0.1 బార్ ప్రెషర్. ట్యాంకు మీ కుళాయి కంటే మూడు మీటర్లు పైన ఉంటే 0.3 బార్. దానికి మురికి పట్టిన ఫిల్టర్ అడ్డం వస్తే ఇంకేం మిగులుతుంది? కింది అంతస్తుల వాళ్ళకు ఈ బాధ రాకపోవడానికి అదే కారణం.

నిజాంపేట_సుజాత
పట్టాను! మా అబ్బాయి ఫోన్లో టైమర్ పెట్టి నిలబడ్డాడు. మంచినీళ్ళు 55 మిల్లీలీటర్లు. వేస్ట్ పైపుకు కొలత గ్లాసు చాలక చెంబు పెట్టాల్సి వచ్చింది, తర్వాత కొలిస్తే 1,150. మీటరు కూడా ముంచాను. లోపలికి వచ్చే నీళ్ళు 780, మంచినీళ్ళు 155, వేస్ట్ 810.
55కి 1,150 అంటే ఒక్క లీటరు కోసం 21 లీటర్లు పారబోస్తున్నట్టేనా? ఇంత పోతోందని నాకు తెలియనే తెలియదు. మేం ట్యాంకర్‌కి డబ్బులు కట్టి తెప్పించుకుంటున్నాం.

లెక్కల_రామం
అంతే. 8 లీటర్ల ట్యాంకు ఒక్కసారి నిండటానికి 167 లీటర్లు మోరీ పాలు.

పానా_పట్టకారు
అక్కా, ఇది మెంబ్రేన్ కాదు, మోటర్ గూడ కాదు. మెంబ్రేన్ పూడుకుపోతే మంచినీళ్ళు తగ్గుతయ్ గానీ వేస్ట్ ఇంత ధారగ పోదు. నీ మిషన్‌ల వేస్ట్ పైపుకు ఉండాల్సిన ఎఫ్ఆర్ లేదు, లేకపోతే పగిలింది. ఎఫ్ఆర్ అంటే ఫ్లో రిస్ట్రిక్టర్, చూపుడువేలంత తెల్ల ప్లాస్టిక్ ముక్క. దాని నడుమ సూదిమొన అంత సందు. వేస్ట్ నీళ్ళను అదే ఆపుతది. అది ఆపితేనే మెంబ్రేన్ మీద ప్రెషర్ పడతది. దాని మీద 450 అని ఉంటే నిమిషానికి ఆ చుట్టుపక్కల పోనిస్తదని అర్థం. నీకు 1,150 పోతున్నయంటే ఆపేటిది ఏదీ లేదన్నట్టే.

బెజవాడ_బాబాయ్
మరి మోటర్ చప్పుడు తగ్గిందంటోందిగా? నాకు ఇది కుదరడం లేదు.

పానా_పట్టకారు
బాబాయ్, ఉత్త బండి గుంజే ఎద్దు రొప్పదు కదా. ఎదురు ప్రెషర్ లేకుంటే పంపు అల్కగ తిరుగుతది, చప్పుడు సన్నగైతది. అక్కా, మిషన్ నడుస్తుంటే వేస్ట్ పైపును రెండు వేళ్ళతోని మడిచి మూడు సెకండ్లు పట్టుకో. మూడే, ఎక్కువ వద్దు. పంపు గొంతు బరువెక్కి, మంచినీళ్ళ ధార లావైతే మోటర్ గట్టిగున్నట్టు.

కెమిస్ట్రీ_టీచరమ్మ
155 ఎందుకొచ్చిందో కూడా ఇక్కడే తేలిపోతుంది. మెంబ్రేన్ గుండా ఉప్పు జారడం ప్రెషర్‌తో పెద్దగా మారదు. నీళ్ళు దాటడం మాత్రం ప్రెషర్ మీదే ఆధారపడుతుంది. అంటే ఉప్పు ఎప్పటిలాగే వస్తోంది, దాన్ని పలచన చేసే నీళ్ళు మూడో వంతుకు పడిపోయాయి. అందుకే 50 కాస్తా 155 అయింది. చెంబెడు పానకంలో వేసే బెల్లం గ్లాసెడు నీళ్ళలో వేసినట్టు. మెంబ్రేన్ చిరిగిందని టీడీఎస్ మీటరు ఒక్కటే చూసి తేల్చడం తప్పు.
ఇంకొకటి. వేస్ట్ నీళ్ళు 810, వచ్చే నీళ్ళు 780. దాదాపు ఒకటే. పిండాల్సిన నీళ్ళు పిండకుండానే వెళ్ళిపోతున్నాయని అదే చెబుతోంది.

నిజాంపేట_సుజాత
మడిచాను. పంపు ఒక్కసారిగా మూలిగినట్టు బొంగురుగా మోగింది. ట్యాంకులోకి దారంలా పడుతున్న ధార పెన్సిలంత అయింది! వదలగానే మళ్ళీ మామూలే. మా అత్తగారు పక్కనే నిలబడి "వదలకే, అలాగే పట్టుకో, ట్యాంకు నిండుతుంది" అంటున్నారు 😀

పానా_పట్టకారు
పెద్దమ్మకు దండం 🙏 గట్ల పట్టుకుంటే మాత్రం పైపు ఊడి వంటిల్లంత చెరువైతది. ఇంతకూ మూడు వారాల కింద మిషన్‌ను ఎవరన్న ముట్టిన్రా?

నిజాంపేట_సుజాత
మిషన్‌ను కాదు. సింకు కింద నీళ్ళు కారుతున్నాయని ప్లంబర్‌ను పిలిచాం. ఆర్వో వేస్ట్ పైపు కూడా చీలిందని అది తీసేసి కొత్త పైపు వేశాడు. అయ్యో, అందులోనే ఉందా?

పానా_పట్టకారు
గదే. పాత పైపు ఏడ పడేసిండో దేవులాడు.

గోదారి_గట్టు
అయితే నా సున్నం సిద్ధాంతం ఎగిరిపోయిందన్నమాట. ప్లంబర్‌ను కూడా అనడానికి లేదండి, అతనికది మామూలు పైపులాగే కనిపించి ఉంటుంది.

మర్రిగూడ_మల్లన్న
అక్క సమస్య దారిల పడ్డది గాబట్టి ఒక మాట అడుగుత. మా మిషన్‌ల టీడీఎస్ 40 వస్తున్నదని మొన్న ఒకాయన స్క్రూ తిప్పి 120 చేసిండు. "40 అయితే ఖనిజాలు ఉండవు, ఒళ్ళు నొప్పులొస్తయ్" అన్నడు. మంచిదేనా? మాది బోరు.

గోదారి_గట్టు
మంచిదేనండి. 50 కంటే తక్కువైతే నీళ్ళు చప్పగా ఉంటాయి, గొంతు దిగవు. మేమూ 100 పెట్టించుకున్నాం.

కెమిస్ట్రీ_టీచరమ్మ
@గోదారి_గట్టు మీకు చెల్లుతుంది, మల్లన్నకు చెల్లదు. ఆ స్క్రూ ఖనిజాలు తయారుచేయదు. మెంబ్రేన్ దాటని పచ్చి నీళ్ళను కొంత తెచ్చి మంచినీళ్ళలో కలుపుతుంది. మీది శుద్ధి చేసిన గోదావరి నీళ్ళు. మల్లన్నది మర్రిగూడ బోరు. ఆ నీళ్ళలో ఏముందో నల్లగొండ జిల్లాలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్‌ను ఆపేది మెంబ్రేన్. దాన్ని తప్పించి నీళ్ళు కలిపితే ఫ్లోరైడ్ కూడా కలుస్తుంది. యూవీ లైటు క్రిములను చంపుతుంది గానీ ఫ్లోరైడ్‌ను ఏమీ చేయలేదు.

మర్రిగూడ_మల్లన్న
టీచరమ్మా, నాకు కాళ్ళల్ల వణుకు పుట్టింది. మా నాయనమ్మ నడుము వంగిపోయి, చివరి పదేండ్లు నేల చూస్తనే నడిచింది. మెడ తిప్పాల్నంటే ఒళ్ళంత తిప్పేది. మా బాపు పండ్ల మీద పసుపు గీతలు ఇప్పటికీ ఉన్నయ్. మిషన్ భగీరథ నీళ్ళు వచ్చినంక పోరగాళ్ళకు ఆ బాధ తప్పిందనుకున్నం. మా ఇంటి కాడికి నల్లా సరిగ రాక, బోరుకు ఆర్వో పెట్టుకున్నం. గిప్పుడే పోయి ఆ స్క్రూ మూస్త. మరి 120 అంటే మంచి నంబరే కదా, ఫ్లోరైడ్ ఉంటే మీటరు చూపియ్యదా?

కెమిస్ట్రీ_టీచరమ్మ
చూపించదు మల్లన్నా. మీటరు నీళ్ళలో కరెంటు ఎంత తేలిగ్గా పోతుందో కొలిచి, దాన్నుంచి మొత్తం లవణాలను అంచనా వేస్తుంది. అందులో ఏ లవణం ఎంతో దానికి తెలియదు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500. అందులో టీడీఎస్ 500 వరకు మంచిది, వేరే దారి లేకపోతే 2,000 దాకా సరే. ఫ్లోరైడ్ మాత్రం లీటరుకు 1 మిల్లీగ్రాము, ఎంత తప్పనిసరైనా 1.5 దాటకూడదు. 500 మిల్లీగ్రాముల ఉప్పులో ఒకటిన్నర మిల్లీగ్రాములు ఎక్కడ కనిపిస్తాయి? బోరు నీళ్ళూ, ఆర్వో మిషన్ నీళ్ళూ వేర్వేరు సీసాల్లో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో ఇవ్వండి. గాజు సీసా వద్దు, కడిగిన ప్లాస్టిక్ సీసా చాలు.

గోదారి_గట్టు
నా మాట వెనక్కి తీసుకుంటున్నానండి. మా ఊరి నీళ్ళు చూసుకుని అందరికీ చెప్పకూడదు. మల్లన్న గారూ, ముందు ఆ స్క్రూ బిగించండి.

మర్రిగూడ_మల్లన్న
బిగించిన. 44 వచ్చింది. ఎల్లుండి నల్లగొండ పోయే పనుంది, సీసాలు పట్టుకపోత.

కర్నూలు_కోడలు
మా ఇంట్లో ఆర్వో పెట్టిందే కందిపప్పు కోసం. బోరు నీళ్ళతో కుక్కర్‌లో ఎనిమిది విజిల్స్ వచ్చినా పప్పు పలుకుగానే ఉండేది. ఆర్వో నీళ్ళు పోస్తే నాలుగు విజిల్స్‌కే వెన్నలా అవుతుంది. మరి వేస్ట్ నీళ్ళు పారబోయడం ఇష్టం లేక బాల్కనీలో కరివేపాకు కుండీకి పోస్తున్నా. ఆకుల అంచులు మాడినట్టు అవుతున్నాయి, చీడనుకుని వేపనూనె కొట్టా. ఆ నీళ్ళ వల్లేనా?

కెమిస్ట్రీ_టీచరమ్మ
చాలావరకు ఆ నీళ్ళ వల్లే. పప్పును ఉడకనివ్వనిది కాల్షియం, మెగ్నీషియం. అవే ఇప్పుడు మరింత చిక్కబడి కుండీలోకి వెళ్తున్నాయి. నేలలోని చెట్టయితే వానకు ఉప్పు కిందికి కడుక్కుపోతుంది, కుండీలో పేరుకుంటుంది. ఆ నీళ్ళు ఇల్లు తుడవడానికి, బాత్రూముకు వాడుకోండి. కుండీకి రెండు మూడుసార్లు మామూలు నీళ్ళు అడుగు నుంచి కారేదాకా పోయండి.

ఫ్రిస్కో_పద్మ
మాది టెక్సాస్‌లో సింకు కింద పెట్టే ఆర్వో, ఇనప ట్యాంకు. మొదటి గ్లాసు జోరుగా వస్తుంది, రెండో గ్లాసుకు చుక్కలే. ట్యాంకు ఎత్తితే బరువుగానే ఉంది. దీనికీ ఎఫ్ఆరేనా?

లెక్కల_రామం
కాదండీ. మీ ట్యాంకులో రబ్బరు తిత్తి ఉంటుంది, దాని చుట్టూ ఉండే గాలి నీళ్ళను పైకి తోస్తుంది. బరువుగా ఉండీ నీళ్ళు రావడం లేదంటే గాలి దిగిపోయింది. కుళాయి తిప్పి నీళ్ళన్నీ వదిలేసి, ఖాళీ అయ్యాక సైకిల్ పంపుతో 7 పీఎస్ఐ దాకా కొట్టండి. నీళ్ళు ఉండగా కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. గాలి కొట్టే పిన్ను దగ్గర నీళ్ళు కారితే తిత్తి చిరిగినట్టు, అప్పుడు ట్యాంకే మార్చాలి.

బెజవాడ_బాబాయ్
నాదీ ఒక గోడు. మొన్న మా అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు ఇద్దరు వచ్చారట. గ్లాసుడు కుళాయి నీళ్ళలో ఏవో కడ్డీలు పెట్టి కరెంటిస్తే నిమిషంలో బురదలా ఎర్రగా అయిపోయిందట. పక్క గ్లాసులో వాళ్ళ ఆర్వో నీళ్ళు తేటగానే ఉన్నాయట. "ఇన్నేళ్ళూ ఈ బురదే తాగావమ్మా" అన్నారట. ఆవిడ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

కెమిస్ట్రీ_టీచరమ్మ
అమ్మగారికి ధైర్యం చెప్పండి. ఆ ఎరుపు నీళ్ళలోది కాదు, కడ్డీలోది. కరెంటు పోతే ఇనప కడ్డీ కరిగి తుప్పు దిగుతుంది. ఆర్వో నీళ్ళలో ఉప్పు తక్కువ కాబట్టి కరెంటు పోదు, కడ్డీ కరగదు, అంతే. వాళ్ళ ఆర్వో నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసి అదే కడ్డీ పెట్టమంటే అదీ ఎర్రబడుతుంది. మేం తొమ్మిదో తరగతి పిల్లలకు చేసి చూపిస్తాం. కృష్ణ నీళ్ళు టీడీఎస్ తక్కువుంటే మీకు అసలు ఆర్వో అవసరమో కాదో కూడా ఆలోచించండి. 500 లోపు ఉన్న చోట ఆర్వో వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే అంది. క్రిముల భయమైతే యూవీ చాలు, లేదా కాచి చల్లార్చుకోండి.

పానా_పట్టకారు
మా లైన్‌ల ఉన్నోళ్ళే గిట్ల చేస్తరు, తల దించుకునే పని. కానీ అందర్ని ఒక్క గాటన కట్టకున్రి. చాన మందికి జీతం తక్కువ, పార్టులు అమ్మితేనే కమీషన్. పొద్దున ఏడు ఇండ్లు తిరగాలె. నిమిషం సేపు గ్లాసు పట్టే ఓపిక ఎవరికి ఉంటది? సుజాతక్క ఇంటికి వచ్చిన పిలగాడు గూడ మోసం చేసిండో, తెల్వకనే చెప్పిండో మనకు తెల్వదు.

నిజాంపేట_సుజాత
దొరికింది!! వాషింగ్ మెషిన్ వెనక మూల పాత పైపు ముక్క, జానెడు. దాని మధ్యలో పానా తమ్ముడు చెప్పిన తెల్ల ముక్క. తుడిచి చూస్తే చిన్న బాణం గుర్తు, పక్కన 450. సూది సందు కాదు, దుమ్ముతో మూసుకుపోయి అసలు సందే కనిపించలేదు. దాన్నే బిగించనా?

పానా_పట్టకారు
వద్దక్కా. సగం మూసుకుపోయిన ఎఫ్ఆర్ పెడితే వేస్ట్ మరీ తగ్గి, ఉప్పంత మెంబ్రేన్ మీదనే పేరుకుంటది. అప్పుడు మెంబ్రేన్ నిజంగనే పోతది. కొత్తది తే, 450దే తే. ప్లగ్ తీసి, నల్లా బంద్ చేసి, బాణం మోరీ దిక్కు ఉండేటట్టు పెట్టు. పైపు కొస కత్తెరతోని కాదు, బ్లేడుతోని నిలువుగ కొయ్యి, లేకుంటే కారతది. పనిల పని, కార్బన్ ఫిల్టర్ ఎప్పుడు మార్చినవో చూడు. ట్యాంకర్ నీళ్ళల్ల క్లోరిన్ ఉంటది, కార్బన్ అరిగిపోతే ఆ క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తది.

లెక్కల_రామం
ఆటో ఫ్లష్ (మెంబ్రేన్‌ను తనంతట అదే కడిగే వాల్వ్) ఉన్న చాలా మిషన్లలో ఎఫ్ఆర్ ఆ వాల్వ్‌లోనే కలిసి ఉంటుంది. వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుంటే ఇవే లక్షణాలు. చదివేవాళ్ళు గమనించండి.

నిజాంపేట_సుజాత
సాయంత్రం కూకట్‌పల్లిలో స్పేర్ పార్టుల షాపులో తెచ్చాను, 70 రూపాయలు. మా అబ్బాయే బిగించాడు. మొదటిసారి ఎల్బో దగ్గర చుక్క కారింది, పైపు లోపలికి ఇంకొంచెం నొక్కితే ఆగింది. మొదటి ట్యాంకు నీళ్ళు వదిలేశాం. ఇప్పుడు కొలిచినవి: మంచినీళ్ళు 170, వేస్ట్ 430. టీడీఎస్ 50. వేస్ట్ నీళ్ళ టీడీఎస్ 1,070కి ఎక్కింది. పంపు పాత గొంతుతో మోగుతోంది, ట్యాంకు 48 నిమిషాల్లో నిండింది.
పానా తమ్ముడూ, నీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియదు. రేపు వచ్చే అబ్బాయికి ఫోన్ చేసి వద్దని చెప్పాను, కారణం కూడా చెప్పాను. రెండు గ్లాసుల లెక్క అతనికి కొత్తట. శ్రద్ధగా విన్నాడు.

పానా_పట్టకారు
మంచి పని చేసినవ్ అక్కా. 170, 430 ఒక కాయితం మీద రాసి మిషన్ పక్కకు అతికియ్యి, తారీఖు తోని.

బెజవాడ_బాబాయ్
ఇదంతా చదివి నేనూ ఇప్పుడే పట్టాను. మంచినీళ్ళు 70, వేస్ట్ 440. మడిస్తే చప్పుడు కొద్దిగానే మారింది, ధార మాత్రం అంతే ఉంది. నాకూ ఎఫ్ఆరేనా?

పానా_పట్టకారు
కాదు బాబాయ్. నీ ఎఫ్ఆర్ సక్కగ పని చేస్తున్నది. సెడిమెంట్, కార్బన్ తీసి చూసినవా? అవి బాగుంటే ఇగ నీదే మెంబ్రేన్. ఎన్నేండ్లైంది మార్చి?

బెజవాడ_బాబాయ్
కొన్నప్పటిదే. ఐదేళ్ళు.